నానోట్యూబా, ఎమ్‌క్యూనా, కెమికల్ సెల్లా: హైదరాబాద్ గాలికి గ్యాస్ సెన్సర్ ఎంచుకునే ముందు

ఉప్పల్‌లో నేను ఇన్‌స్ట్రుమెంట్లు బాగుచేసే గదికి ప్రతి డిసెంబర్‌లో ఫైనలియర్ పిల్లలు వస్తారు. కిందటిసారి వచ్చిన ఇద్దరు తలుపు దగ్గరే నిలబడి అడిగారు. "సార్, కార్బన్ నానోట్యూబ్ సెన్సర్ ఎక్కడ దొరుకుతుంది? కోఠి గుజరాతీ గల్లీ అంతా తిరిగాం, ఎవరి దగ్గరా లేదు." కార్బన్ నానోట్యూబ్ అంటే కార్బన్ పరమాణువులతో అల్లుకున్న అతి సన్నటి గొట్టం. వాళ్లను కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు వేశాను. ఏ గ్యాస్? ఎంత మోతాదు? ఎక్కడ పెడతారు? మొదటిదానికి టకటకా చెప్పారు. రెండోదానికి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడోదాని గురించి అసలు ఆలోచించలేదు.

అదే నెలలో పటాన్‌చెరు వైపు, అమ్మోనియాతో పాలను చల్లబరిచే ఒక చిన్న చిల్లింగ్ ప్లాంట్ నుంచి సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. "అన్నా, మా అమ్మోనియా అలారం రోజుకు మూడుసార్లు ఊరికే మోగుతుంది. పోరగాళ్లు దానికి గుడ్డ చుట్టేశారు. ఆ కొత్త నానో సెన్సర్ ఏదో ఉందట కదా, అది పెట్టేద్దామా?" ఆ గుడ్డ మాట విన్న రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. తప్పుడు సెన్సర్ డబ్బు దండగతో పోదు. అది మనుషులకు అలారాన్ని నమ్మకపోవడం నేర్పుతుంది. పిల్లలకూ ఆ సూపర్‌వైజర్‌కూ విడివిడిగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందుగా అసలు విషయం. నైట్రోజన్ డయాక్సైడ్, అమ్మోనియా, క్లోరిన్, ఓజోన్, హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటివి చురుకైన వాయువులు. ఎదుటి పదార్థం నుంచి ఎలక్ట్రాన్ లాక్కోవడమో, దానికి ఇవ్వడమో చేస్తాయి. ఆ గుణం ఉంది కాబట్టే వాటిని పసిగట్టగలం. ఆ గుణం వల్లే అవి ఒకసారి అంటుకుంటే సెన్సర్‌ను తొందరగా వదలవు. కొనేటప్పుడు అందరూ ఎంత తక్కువ గ్యాస్‌ను పట్టుకుంటుందని చూస్తారు. నేను పట్టుకున్నదాన్ని ఎంతసేపట్లో వదులుతుందని అడుగుతాను. వదలని సెన్సర్ పొద్దున వచ్చిన గ్యాస్‌ను సాయంత్రం దాకా చూపిస్తూనే ఉంటుంది.

నానోట్యూబ్ గొప్పతనం, దాని చిక్కు

జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా 1991లో ఈ గొట్టాల గురించి ప్రకటించాడు. ఒకే పొర గోడ ఉన్న సింగిల్‌వాల్ గొట్టాలు 1993లో బయటికొచ్చాయి. వాటి మందం ఇంచుమించు ఒక నానోమీటర్. మామూలు రాగి తీగలో కరెంటు చాలా భాగం లోపలే పోతుంది, పైన ఏం అంటుకున్నా దానికి పట్టదు. సింగిల్‌వాల్ గొట్టంలో ప్రతి కార్బన్ పరమాణువూ గోడలోనే ఉంటుంది. గోడకు ఏది తగిలినా కరెంటుకు తగిలినట్టే.

మామూలు గాలిలో ఉన్న నానోట్యూబ్ ఆక్సిజన్ ప్రభావంతో పీ-టైప్‌గా ఉంటుంది, అంటే కరెంటును హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు) మోస్తాయి. నైట్రోజన్ డయాక్సైడ్ వచ్చి ఎలక్ట్రాన్లు లాక్కుంటే హోల్స్ పెరిగి రెసిస్టెన్స్ పడిపోతుంది. అమ్మోనియా ఎలక్ట్రాన్లు ఇస్తుంది కాబట్టి రెసిస్టెన్స్ పెరుగుతుంది. హీటర్ అక్కర్లేదు, మామూలు గది వేడిమి చాలు. 2000లో స్టాన్‌ఫర్డ్‌లో హాంగ్జీ దాయ్ బృందం ఇది చేసి చూపించింది. 200 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 200 భాగాలు) నైట్రోజన్ డయాక్సైడ్‌కు ఒక గొట్టం వాహకత, అంటే కరెంటును పోనిచ్చే గుణం, వెయ్యి రెట్ల వరకు పెరిగింది. ఒక శాతం అమ్మోనియాకు వంద రెట్లు తగ్గింది. పిల్లలు చదివిన ప్రతి పరిశోధన పేపర్ మొదటి పేరాలోనూ ఈ ప్రయోగమే ఉంటుంది.

ఆ అంకెలను మన ఊరి అంకెల పక్కన పెట్టి చూడండి. మన దేశంలో 2009 నాటి గాలి ప్రమాణాల ప్రకారం నైట్రోజన్ డయాక్సైడ్ 24 గంటల సగటు ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములు దాటకూడదు. ఈ గ్యాస్ ఒక పీపీబీ (వంద కోట్ల భాగాల్లో ఒక భాగం) అంటే ఘనపు మీటరుకు సుమారు 1.88 మైక్రోగ్రాములు, కాబట్టి ఆ హద్దు దాదాపు 43 పీపీబీ. 200 పీపీఎం అంటే రెండు లక్షల పీపీబీ. పేపర్‌లో వెయ్యి రెట్లు మార్పు తెచ్చిన మోతాదు మన రోడ్డు హద్దుకు నాలుగు వేల రెట్ల పైమాట! అమ్మోనియాలో తేడా అంత ఉండదు. ఒక శాతం అంటే 10,000 పీపీఎం, ఫ్యాక్టరీలో పనివాళ్లకు ఎనిమిది గంటల హద్దు 25 పీపీఎం. అంటే నాలుగు వందల రెట్లు. అందుకే పిల్లలకు నేను అమ్మోనియాతో మొదలుపెట్టమంటాను.

తర్వాతి వాళ్లు బాగా కిందికి దిగారు. 2003లో నాసా ఏమ్స్ కేంద్రం వాళ్లు దువ్వెన పళ్లలా ఒకదానిలోకి ఒకటి చొచ్చుకున్న ఎలక్ట్రోడ్ల మీద నానోట్యూబ్ వల వేసి, నైట్రోజన్ డయాక్సైడ్‌ను 44 పీపీబీ దాకా గుర్తించవచ్చని చెప్పారు. సరిగ్గా మన హద్దు దగ్గర ఆగింది. అదే ఏడాది దాయ్ బృందం పాలీఇథిలీన్‌ఇమైన్ అనే పాలిమర్ పూత పూసి ఒక పీపీబీ కంటే కిందికి వెళ్లింది. ఆ పూత ఉన్న గొట్టం అమ్మోనియాను పట్టించుకోలేదు. నాఫియాన్ అనే ఇంకో పాలిమర్ పూత పూస్తే తారుమారైంది, అమ్మోనియాను రానిచ్చి నైట్రోజన్ డయాక్సైడ్‌ను ఆపింది. నానోట్యూబ్‌కు స్వతహాగా వాసనల తేడా తెలియదు, ఆ తెలివి పై పూతలో ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ లాంటి వాటికైతే పూత లేని గొట్టం దాదాపు స్పందించదు.

ఇక చిక్కు. 2000 నాటి ప్రయోగంలో గ్యాస్ ఆపాక గొట్టం మామూలు స్థితికి రావడానికి గంటలు పట్టింది. తొందరగా వదిలించాలంటే 200 డిగ్రీల దాకా వేడి చేయాల్సి వచ్చింది. తర్వాత చాలామంది అతినీలలోహిత ఎల్ఈడీతో వదిలిస్తున్నారు. రెండూ పనిచేస్తాయి. కానీ హీటర్ అక్కర్లేదని నానోట్యూబ్ ఎంచుకుని, మళ్లీ హీటర్ తగిలిస్తే మీకు మిగిలిన లాభం ఎంతో లెక్క వేసుకోండి. గంటకోసారి రెండు నిమిషాలు వేడి చేస్తే లాభం ఇంకా మిగులుతుంది. ఎప్పుడూ వేడిగా ఉంచాల్సి వస్తే మిగలదు.

రెండో చిక్కు తేమ. నీటి ఆవిరి కూడా గోడకు అంటుకుంటుంది. చాలాసార్లు రెసిస్టెన్స్‌ను పైకి నెడుతుంది, అచ్చం అమ్మోనియా లాగే. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం గాలిలో తేమ ముప్పై శాతం లోపు ఉంటుంది, జూలైలో ముసురు పట్టిన రోజు ఎనభై దాటుతుంది. చల్లటి దేశంలో ఏసీ ల్యాబ్‌లో తీసిన గ్రాఫ్ చూసి ఇక్కడ కొంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పక్కనే తేమ సెన్సర్ పెట్టి సరిచేయకుండా నానోట్యూబ్ రీడింగ్‌ను నేను నమ్మను.

మూడోది ఓజోన్. ఎండ కాసే మధ్యాహ్నాల్లో, వాహనాల పొగ ఉన్న చోట ఓజోన్ తయారవుతుంది. నానోట్యూబ్ మీద అది నైట్రోజన్ డయాక్సైడ్ వైపుకే సూచీని తిప్పుతుంది. పైగా గోడను కొంచెం కొంచెం శాశ్వతంగా పాడుచేస్తుంది. ఆ దెబ్బ ఏ ఎల్ఈడీతోనూ మానదు.

ఎమ్‌క్యూ సిరీస్: వదులుతుంది, కానీ ఎవరొచ్చారో తెలియదు

గుజరాతీ గల్లీలో "గ్యాస్ సెన్సర్" అంటే చేతిలో పెట్టేది ఇదే. ఎమ్‌క్యూ-2, ఎమ్‌క్యూ-135, మరికొన్ని. లోపల టిన్ ఆక్సైడ్ ఉంటుంది. 1962లో జపాన్‌లో నవోయోషి తగుచి ఈ రకం సెన్సర్‌కు పేటెంట్ వేశాడు. వంట గ్యాస్ లీకులతో ఇళ్లు పేలిపోతుంటే ఆ ఆలోచన పుట్టింది. టిన్ ఆక్సైడ్‌ను 200 నుంచి 400 డిగ్రీల మధ్య ఉంచుతారు. ఆ వేడికి ఉపరితలం మీద ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు పట్టుకుని కూర్చుంటుంది. మండే గ్యాస్ వచ్చి ఆ ఆక్సిజన్‌తో కలిసి కాలిపోగానే ఎలక్ట్రాన్లు విడుదలై రెసిస్టెన్స్ పడిపోతుంది. ఆ వేడి వల్లే గ్యాస్ పోగానే నిమిషాల్లో మామూలైపోతుంది. నా ప్రశ్నకు దీని జవాబు బాగుంది.

కానీ దీనికి ఆల్కహాల్, పొగ, అమ్మోనియా అన్నీ ఒకటే. మా ఇంట్లో వంటగది పక్క గోడకు ఎమ్‌క్యూ-135 పెట్టి ఒక వారం లెక్క రాశాను. పొద్దున ఏడున్నరకు రోజూ ఒక శిఖరం. ఏమిటా అని చూస్తే మా ఆవిడ పప్పుకు తాలింపు పెట్టే సమయం అది. రాత్రి ఇంకో చిన్నది, దోమల చక్రం వెలిగించినప్పుడు. ఆ మాడ్యూల్ పెట్టె మీద మాత్రం "గాలి నాణ్యత" అని రాసి ఉంది.

రోడ్డు పక్కన పెడితే దీని గుట్టు ఇంకా బయటపడుతుంది. టిన్ ఆక్సైడ్ ఎన్-టైప్, అంటే ఇందులో కరెంటును ఎలక్ట్రాన్లే మోస్తాయి. కార్బన్ మోనాక్సైడ్, పెట్రోల్ ఆవిరి దాని రెసిస్టెన్స్‌ను తగ్గిస్తే నైట్రోజన్ డయాక్సైడ్ పెంచుతుంది. వాహనాల పొగలో రెండూ ఉంటాయి, ఒకదాన్నొకటి కొంత చెరిపేసుకుంటాయి. బాగా పొగ ఉన్న సిగ్నల్ దగ్గర "గాలి బాగుంది" అని చూపించినా నేను ఆశ్చర్యపోను. ఇలా తీసిన రీడింగులతో మ్యాప్ గీసి పోస్టర్ పెట్టిన పిల్లలను చూస్తే బాధేస్తుంది. ఆరు నెలల కష్టం అది.

సిలికాన్ సీలెంట్ ఆవిరి తగిలితే ఈ సెన్సర్ మొద్దుబారుతుంది. డబ్బాకు నీళ్లు చొరబడకుండా సీలెంట్ పూసి, అది ఆరకముందే సెన్సర్ బిగించి పాడుచేసుకున్న వాళ్లు నా దగ్గరికి వచ్చారు.

కరెంటు లెక్క కూడా చూడండి. చాలా ఎమ్‌క్యూ సెన్సర్ల హీటర్ దాదాపు 800 మిల్లీవాట్లు తింటుంది. 10,000 ఎమ్‌ఏహెచ్ పవర్‌బ్యాంక్ పెట్టినా రెండు రోజులు రాదు. పది కిలోఓమ్‌ల నానోట్యూబ్ పొరకు ఒక వోల్ట్ ఇస్తే ఖర్చయ్యేది 0.1 మిల్లీవాట్. ఎనిమిది వేల రెట్ల తేడా ఇది. బ్యాటరీ మీద నెలల తరబడి నడవాల్సిన చోట నానోట్యూబ్ వైపు నేను మొగ్గేది ఈ ఒక్క కారణం కోసమే.

ఎలక్ట్రోకెమికల్ సెల్: ప్రాణాల సంగతైతే ఇదే

ఈ సెల్‌లో గ్యాస్ ఒక పలుచటి పొర గుండా లోపలికి వెళ్లి, ఎలక్ట్రోడ్ మీద రసాయన చర్య జరిపి ఖర్చయిపోతుంది. ఎంత గ్యాస్ ఖర్చయితే అంత కరెంటు. అంటుకుని ఉండిపోయేది ఏమీ లేదు కాబట్టి వదలడమనే బాధే లేదు. మోతాదుకు తగ్గట్టు సూటిగా పెరిగే సిగ్నల్ వస్తుంది, కాలిబ్రేషన్ (తెలిసిన మోతాదుతో రీడింగ్ సరిచూడడం) తేలిక. చాలా సెల్స్ రెండు మూడేళ్లు నడుస్తాయి. ఫ్యాక్టరీలో కొనదగిన సర్టిఫైడ్ డిటెక్టర్లలో అమ్మోనియా, క్లోరిన్, హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ఎక్కువగా ఉండేది ఇదే.

మన ఎండలు మాత్రం దీనికి శత్రువు. లోపల ఉండేది నీళ్లు కలిసిన ఎలక్ట్రోలైట్ (కరెంటును మోసే ద్రవం), చాలావాటిలో సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు కింద, నలభై దాటిన పొడి వేడిలో వారాల తరబడి ఉంటే అది ఎండుతుంది. వానల్లో తేమ పీల్చి ఉబ్బుతుంది. అందుకే ఎండ నేరుగా తగలని చోట, వెనక గోడకు కాస్త గాలి ఆడేలా బిగించండి. వేసవి ముందు ఒకసారి, వానలు మొదలయ్యాక ఒకసారి టెస్ట్ గ్యాస్‌తో చూడండి.

ఇంకో సంగతి చాలామంది అమ్మేవాళ్లు చెప్పరు. అమ్మోనియా సెల్స్ చాలావాటికి గ్యాస్ తగిలిన కొద్దీ ఆయుష్షు తరుగుతుంది. చిల్లింగ్ ప్లాంట్‌లో మామూలు రోజుల్లో అమ్మోనియా సున్నా, కాబట్టి సెల్ నిండు కాలం బతుకుతుంది. కోళ్ల షెడ్డులో రాత్రింబవళ్లు పది, ఇరవై పీపీఎం ఉంటుంది. అక్కడ అదే సెల్ త్వరగా అరిగిపోతుంది.

కాంతితో కొలిచే పెద్ద యంత్రాల గురించి ఎక్కువ చెప్పను. సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం లాంటి చోట్ల ఉన్న ప్రభుత్వ గాలి కేంద్రాలు ఆ కోవలోవి. లక్షల్లో ఖర్చు, ఏసీ గది, నిత్యం కాలిబ్రేషన్. మీరు కొనేది కాదు, కానీ వాటి రీడింగులు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సమీర్ యాప్‌లో అందరికీ కనిపిస్తాయి. మీ సెన్సర్‌ను పోల్చుకోవడానికి అంతకు మించిన కొలబద్ద ఊళ్లో లేదు.

ఎవరికి ఏది చెప్పాను

చిల్లింగ్ ప్లాంట్ సూపర్‌వైజర్‌కు నిర్మొహమాటంగా చెప్పాను. "తమ్ముడూ, నానోట్యూబ్ వద్దు. సర్టిఫికెట్ ఉన్న ఎలక్ట్రోకెమికల్ అమ్మోనియా డిటెక్టర్ కొను. మొదటి అలారం 25 పీపీఎం, రెండోది 35. పాతది ఊరికే మోగడానికి కారణం అది ఎమ్‌క్యూ లాంటి మెటల్ ఆక్సైడ్ రకం కావడం, పక్కనే మీరు ఆల్కహాల్ శానిటైజర్ కొట్టడం." అమ్మోనియా గాలికంటే తేలిక కాబట్టి కంప్రెసర్ గదిలో పైకప్పు దగ్గర ఒకటి పెట్టమన్నాను. అయితే చల్లటి ద్రవం చిమ్మినప్పుడు మంచులా నేలను పట్టుకునే పాకుతుంది, అందుకని లిక్విడ్ లైన్ దగ్గర కింద ఇంకొకటి. ముందు ఆ గుడ్డ తీసేయమన్నాను. తీశాక ఫొటో పంపమన్నాను. పంపాడు.

క్లోరిన్ సిలిండర్లు ఉన్న నీటి శుద్ధి గదులకూ ఇదే జవాబు, చోటు మాత్రం మారుతుంది. క్లోరిన్ గాలికంటే రెండున్నర రెట్లు బరువు. డిటెక్టర్ నేలకు ఒక అడుగు ఎత్తులో ఉండాలి.

మూసీ పక్కన, మురుగు పంపుహౌసుల్లో పనిచేసే వాళ్లకు కూడా ఎలక్ట్రోకెమికలే. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల వాసన కొడుతుందని, వాసన వస్తే బయటికి వచ్చేస్తామని అనుకుంటారు. వంద పీపీఎం దగ్గర ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన ఆగిందంటే గ్యాస్ పోయిందని కాదు. మ్యాన్‌హోల్ దగ్గర ఉన్నవాళ్లకు చొక్కాకు తగిలించుకునే డిటెక్టర్ ఇవ్వకుండా ఎవరినీ దింపకండి. అసలు మనిషిని దింపడమే చట్టరీత్యా నేరమైన చోట దింపనే దింపకండి.

రోడ్ల మీద నైట్రోజన్ డయాక్సైడ్ కొలవాలనుకునే వాళ్లకు, చేతిలో డబ్బుంటే, ఓజోన్‌ను ముందే తినేసే ఫిల్టర్ ఉన్న నాలుగు ఎలక్ట్రోడ్ల ఎలక్ట్రోకెమికల్ సెల్ తీసుకోమంటాను. వేలల్లో పడుతుంది. చాలా చోట్ల, తక్కువ కరెంటుతో, ఏ వీధిలో ఎక్కువ ఏ వీధిలో తక్కువ అని మాత్రమే తెలిస్తే చాలనుకుంటే పూత పూసిన నానోట్యూబ్ చిప్స్ ప్రయత్నించండి. అంకె చెప్పకండి, ఎక్కువ తక్కువలే చెప్పండి.

నానోట్యూబ్ నిజంగా తన చోటు సంపాదించుకునేది కోళ్ల షెడ్డులో అని నా అభిప్రాయం. షాద్‌నగర్ వైపు పొడవాటి షెడ్డులు చూసే ఉంటారు. అక్కడ ఉండే పది, ఇరవై పీపీఎం అమ్మోనియా నానోట్యూబ్‌కు మంచి సిగ్నల్. ఒకే షెడ్డులో పదిచోట్ల పెట్టాలి, కరెంటు వైరు లాగడం కష్టం, ఎలక్ట్రోకెమికల్ సెల్ అరిగిపోతుంది. తేమ, దుమ్ము ఎక్కువే, ఆ రెండిటితో పోరాడాలి. అయినా అక్కడ పొరపాటు రీడింగ్ వస్తే ఫ్యాన్ ఓ గంట ఎక్కువ తిరుగుతుంది. అంతకు మించి నష్టం లేదు.

మీరే తయారు చేసుకుంటే

నానోట్యూబ్ సెన్సర్ మాడ్యూల్‌గా గల్లీలో దొరకదు కాబట్టి పిల్లలు పొడి కొని తామే చేసుకోవాలి. సింగిల్‌వాల్ కొంటే మంచిది. మామూలుగా తయారయ్యే సింగిల్‌వాల్ గొట్టాల్లో మూడింట రెండు వంతులు సెమీకండక్టర్, ఒక వంతు లోహపు గుణం ఉన్నవి. ఆ ఒక వంతు గ్యాస్‌కు స్పందించకుండా కరెంటును అడ్డదారిన పంపేస్తాయి. పొర మరీ మందంగా వేస్తే అవి ఒకదానికొకటి తగిలి సెన్సర్ మొద్దుబారుతుంది. నీళ్లలో సర్ఫాక్టెంట్‌తో (సబ్బు లాంటి పదార్థం) కలిపి సోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో కుదిపే యంత్రం) చెదరగొట్టి, బంగారు పూత ఉన్న సర్క్యూట్ బోర్డు దువ్వెన ఎలక్ట్రోడ్ల మీద ఒక్కో చుక్కా ఆరబెడుతూ వేయండి. రెసిస్టెన్స్ పది, ఇరవై కిలోఓమ్‌లకు రాగానే ఆపండి. తర్వాత సర్ఫాక్టెంట్ పోయేదాకా కడగండి.

పొడి డబ్బా బల్ల మీద తెరవకండి. ఫ్యూమ్ హుడ్‌లో (గాలిని బయటికి లాగేసే ల్యాబ్ అర), గ్లవ్స్‌తో, ఎన్95 మాస్కుతో మాత్రమే. పొడవుగా గట్టిగా ఉండే ఒక రకం మల్టీవాల్ (గోడకు చాలా పొరలున్న) గొట్టాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2014లో మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటి జాబితాలో పెట్టింది. ద్రవంలో కలిసిపోయాక భయం తగ్గుతుంది, పొడిగా ఉన్నప్పుడే జాగ్రత్త.

చిప్స్ రెండు చేయండి. ఒకటి గాలికి తెరిచి, రెండోది గాజు మూత అతికించి. వేడికి రెండూ మారతాయి, గ్యాస్‌కు ఒకటే మారుతుంది. తేడా తీసుకుంటే మే నెల ఎండ చాలావరకు లెక్కలోంచి పోతుంది. తేమ పోదు, మూత కింద తేమ మారదు కదా. దానికి ఆ పక్కన తేమ సెన్సర్ ఉండాల్సిందే.

టెస్ట్ చేసేటప్పుడు గ్యాస్ ఇచ్చిన క్షణం కంటే ఆపిన తర్వాతి గంట మీద ఎక్కువ దృష్టి పెట్టండి. ఐదు నిమిషాలు గ్యాస్, ఒక గంట మంచి గాలి, ఇలా పదిసార్లు. పదోసారి బేస్‌లైన్ (గ్యాస్ లేనప్పటి రీడింగ్) మొదటిసారి ఉన్నచోటికే వస్తోందా చూడండి. మెట్లెక్కినట్టు పైకి పోతుంటే ఆ చిప్ వదలడం లేదని అర్థం.

డిసెంబర్‌లో వచ్చిన ఆ ఇద్దరూ అమ్మోనియా, నాఫియాన్ పూత, జంట చిప్స్ ఎంచుకున్నారు. ఏప్రిల్‌లో రిపోర్ట్ రాసేసి, మార్కులు కూడా వచ్చేశాయి. డబ్బా మాత్రం తీసేయొద్దని చెప్పాను. మా డాబా మీద నీడలో అలాగే ఉంచారు. జూన్ రెండో వారంలో మొదటి వాన పడిన సాయంత్రం తెరిచిన చిప్ రీడింగ్ ఒక్కసారిగా లేచింది. అమ్మోనియా ఎక్కడిదని కంగారుపడి ఫోన్ చేశారు. తేమ సెన్సర్ కాలమ్ చూడమన్నాను. గంటలో నలభై నుంచి ఎనభై ఐదుకు పోయింది. రిపోర్ట్‌లో లేని ఆ గ్రాఫ్ ఇప్పుడు నా బల్ల ముందు గోడకు అంటించి ఉంది. ఈ డిసెంబర్‌లో వచ్చే వాళ్లకు మొదట దాన్నే చూపిస్తాను.